క్యారవాన్ పైకప్పు: మళ్లీ అల్యూమినియమా, రబ్బరు షీటా?

అన్నా, భీమిలి బీచ్ రోడ్డులో పెట్టే మీ క్యారవాన్ టాప్ కారుతోంది, పాత రేకు తీసి మళ్లీ అల్యూమినియమే వేయాలా, రబ్బరు షీటా అనే కదా టెన్షన్? నా ఓటు టీపీఓకి, అంటే రబ్బరులా వంగే ప్లాస్టిక్ రకం షీటుకి. తెల్లగా ఉంటుంది కాబట్టి మే నెల ఎండని వెనక్కి కొడుతుంది, అతుకుల్ని వేడిగాలితో కరిగించి ఒకటి చేసేయొచ్చు. ఈపీడీఎం అనే అసలు రబ్బరు షీటు మెత్తన, మూలల దగ్గర బాగా వంగుతుంది. కానీ డీజిల్, గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది, కొన్నేళ్లకి సుద్దలాంటి పొడి రాలి పక్కలంతా చారలు కడుతుంది.

అల్యూమినియం తేలికే. అయితే మన సముద్రపు గాలికి ఇనప స్క్రూ తగిలిన చోటల్లా తుప్పు రేకుని తినేస్తుంది, స్క్రూ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుందే, అదే. పైగా వాన పడితే లోపల మాట వినపడదు. ఫైబర్‌గ్లాస్ గట్టిదే, బరువూ ఖరీదూ కూడా ఎక్కువే.

ఏది వేసినా ముందు కింద ప్లైవుడ్‌ని బొటనవేలితో నొక్కి చూడండి, మెత్తగా దిగితే ఆ ముక్క మార్చాల్సిందే. ఏసీ, వెంట్ల చుట్టూ సిలికాన్ మాత్రం పూయనివ్వకండి, ఈ షీట్లకి సరిగ్గా పట్టదు, తర్వాత దాని మీద ఇంకేదీ అతుక్కోదు. షీటుకి సరిపడే ల్యాప్ సీలెంట్, అంటే అంచుల మీద నీళ్లు దిగకుండా పూసే ముద్ద, అడగండి. అక్టోబర్ తుఫాన్లలోపే చేయించేయండి.