కారు స్టీరియో ఆన్ అవుతున్నా శబ్దం రాకపోవడానికి కారణమేమిటి?

మ్యూట్‌లో లేని స్టీరియో తెర వెలుగుతూ, పాట నడుస్తున్నట్టు చూపుతూ, ఏ స్పీకరులోనూ శబ్దం రాకపోతే, మొదట అనుమానించవలసింది ఏదో ఒక స్పీకరు తీగ కారు బాడీకి తగిలి లోపలి ఆంప్లిఫయరు తనను తాను ఆపేసుకోవడాన్ని.

తెరను నడిపే భాగం వేరు, స్పీకర్లకు శక్తినిచ్చే ఆంప్లిఫయరు చిప్ వేరు. సాధారణంగా నాలుగు స్పీకర్లకూ ఆ చిప్ ఒక్కటే కావడంతో, ఒక్క తీగలో షార్ట్ ఏర్పడినా కాలిపోకుండా ఉండేందుకు అది నాలుగింటినీ మూసేయవచ్చు. నేటి స్టీరియోల్లో స్పీకరు నెగటివ్ తీగ ఎర్త్ (కారు బాడీకి కలిపే తీగ) కాదు; అందులోనూ సుమారు 6 వోల్టులుంటాయి కనుక దాన్ని బాడీకి కలపడం కూడా షార్టే. పాత కార్ల వైరింగ్‌కు అలవాటుపడినవారు ఇక్కడే పొరబడతారు.

ఉదాహరణకు, తలుపు తెరిచి మూసే చోట తీగ పైపొర అరిగి లోహానికి తగిలితే, వెనుక స్పీకర్లు సైతం మూగబోవచ్చు. స్పీకరు తీగలన్నీ విప్పి, బాగున్న స్పీకరునొకదాన్ని స్టీరియోకు నేరుగా కలిపినప్పుడు శబ్దం వస్తే, లోపం వైరింగ్‌లోనో పాత స్పీకర్లలోనో ఉన్నట్టే. తర్వాత ఒక్కొక్కటిగా కలుపుతూ పోతే దోషి దొరుకుతుంది. విడిగా ఆంప్లిఫయరు ఉన్న కార్లలో మాత్రం ముందు దాని ఫ్యూజునూ, స్టీరియో ఆన్‌లో ఉన్నప్పుడు 12 వోల్టులు అందించి దాన్ని ఆన్ చేయవలసిన రిమోట్ తీగనూ చూడాలి.

స్పీకర్లన్నీ కాలిపోయాయనుకొని కొత్తవి కొనడం చాలామంది చేసే పొరపాటు. నాలుగూ ఒకేసారి పాడవడం అరుదు.