చర్య వేగమా, చర్యా రేటా?

సందేహం: మా అమ్మాయి కెమిస్ట్రీ జవాబులో ‘చర్య వేగం’ అని రాస్తే ట్యూషన్‌లో కొట్టేసి ‘చర్యా రేటు’ అని దిద్దారు. మా గుంటూరులో రేటంటే మిర్చి రేటే. ఏది సరైంది? ఉత్ప్రేరకం (క్యాటలిస్ట్) అనే నోరు తిరగని మాటకు బదులు, పాలల్లో వేసే ‘తోడు’ పేరే పెట్టకూడదా?

సమాధానం: అమ్మాయి రాసింది తప్పు కాదమ్మా. భౌతికశాస్త్రంలో వడి వేరు, వేగం వేరు, వేగానికి దిశ ఉండాలి. ఆ పట్టింపును ఇక్కడికి తెచ్చారేమో. రసాయన చర్యకు తూర్పూ పడమరా ఉండవు కాబట్టి వేగం అంటే ఇబ్బందేమీ లేదు. నిమిషానికింత అని లెక్క కట్టేటప్పుడు రేటు కూడా పనికొస్తుంది. కానీ దిద్దిన దీర్ఘం చూడండి. సంస్కృతంలో చర్యా ఆకారాంతం, అందుకే ‘క్రియాపదం’లాగా ‘చర్యావేగం’ అని సమాసం చేయొచ్చు. రేటు ఇంగ్లిషు మాట, దాని ముందు ఆ దీర్ఘం అతకదు, వాడుకలో స్థిరపడింది గనక సరిపెట్టుకుంటున్నాం గానీ ‘చర్య రేటు’ అనడమే మేలు.

మీ ఊరి మిర్చినే తీసుకోండి. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయ నెలల తరబడి ఎర్రగా ఉంటుంది, బయట వేడికి వదిలేసింది వెలిసిపోతుంది, అదే కాయను కారం పట్టించి డబ్బా మూత సరిగా పెట్టకపోతే ఇంకా త్వరగా రంగు పోతుంది, ఎందుకంటే పొడి కొట్టాక గాలిలోని ఆక్సిజన్ తగిలే చోటు బాగా పెరుగుతుంది. చర్య వేగాన్ని మార్చే ఉష్ణోగ్రత, ఉపరితల వైశాల్యం రెండూ ఇందులోనే ఉన్నాయి. పిల్లలకు ముందు ఇది చెప్పి, ఆ తర్వాత ‘ఉపరితల వైశాల్యం’ అంటే ఎంత తేలిగ్గా ఎక్కుతుందో!

ఇక తోడు. ఆ మాటంటే నాకూ ఇష్టమే, కానీ ఇక్కడ ఒప్పుకోలేను. ఉత్ప్రేరకం చర్యను వేగిరపరుస్తుంది, చివరికి వేసినంతా అలాగే మిగులుతుంది. తోడు అలా కాదు, చెంచాడు మజ్జిగలోని సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి పెరిగిపోయి గిన్నెడు పెరుగంతా తోడే అవుతుంది, మర్నాడు మళ్లీ అందులోంచే తీస్తాం. ఆ జీవుల్లోని ఎంజైములే అసలు ఉత్ప్రేరకాలు.

1835లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ఉత్ప్రేరకం చేసే ఈ పనికి పెట్టిన ‘కెటాలిసిస్’ అనే గ్రీకు పేరులో విడదీయడం అనే అర్థం ఉంది. మన మాట దానికి అనువాదం కాదు, చేసే పనిని బట్టి వచ్చింది: ఉత్ + ప్రేరకం, ప్రేరేపించేది. ఉత్పత్తి, ఉత్ప్రేక్ష పలికే నోటికి ఇది కష్టం కాదమ్మా. క్రావడి వదిలేసి ‘ఉత్పేరకం’ అని రాస్తున్నారు చూడండి, మార్కు కొట్టేయాల్సింది అక్కడ.