టెక్సస్‌లోని ఫ్రిస్కోలో అమ్మానాన్నలకు చూపించడానికి...

"ఫ్రిస్కోలో మాల్స్ తప్ప ఏముంది? ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఒక్క రోజులో ఏం చూపించాలి?" అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, చూపించాల్సింది చాలానే ఉంది.

ముందు హెరిటేజ్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టండి. ఈ ఊరు రైలు వల్లే పుట్టింది. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి. గట్టు మీదున్న లెబనాన్ అనే ఊళ్లో అవి దొరకవు, అందుకే పట్టాలు పడమటి పల్లానికి వేశారు. లెబనాన్‌లో కొందరు ఇళ్లనే దుంగల మీద దొర్లించుకుంటూ ఇక్కడికి తెచ్చుకున్నారు! నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పండి. 1990లో ఆరు వేల పైచిలుకు ఉన్న జనాభా 2020కి రెండు లక్షలు దాటింది.

తర్వాత పబ్లిక్ లైబ్రరీ. ఒకప్పుడు రాకెట్ల కంపెనీ కట్టుకున్న భవనమది, లోపల టి-రెక్స్ డైనోసార్ అస్థిపంజరం నమూనా నిలబడి ఉంటుంది. ఎండ వేళ అక్కడే గడపడం మేలు. డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కేంద్రం 'ద స్టార్' బయట నుంచి చూస్తే చాలు, ఆ ఆట పిచ్చి లేకపోతే.

సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ గుడి. అమ్మగారికి అక్కడ తెలుగు మాటలు చెవిన పడతాయి. మ్యూజియం, గుడి వేళలు మాత్రం ముందే చూసుకోండి.