నలుగురి ఆటలో ఎల్ఫ్ డెక్ ఎందుకు ముందే పోతోంది?

ఒంగోలులో నలుగురు కూర్చుని మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కమాండర్ (ప్రతి డెక్‌కీ ఒక నాయకుడి కార్డు ఉండే పద్ధతి) ఆడతామని, మీది ఎల్ఫ్ జాతి క్రీచర్లతో, అంటే జీవుల కార్డులతో, కట్టిన డెక్ అని రాశారు. ఆరో టర్న్‌కల్లా టేబుల్ మీద మీదే పెద్ద సైన్యమట, అయినా ముందు అవుటయ్యేది మీరేనట. అసలు కారణం మీ ప్రశ్నలోనే ఉంది: ఆరో టర్న్‌కి మీదే పెద్ద సైన్యం కాబట్టి.

నేను నెల్లూరులో ఆడతాను. నా మొదటి డెక్‌కి కమాండర్ క్రెంకో, గాబ్లిన్ల నాయకుడు. నాలుగు మానా (ల్యాండ్ కార్డుల నుంచి వచ్చే శక్తి, కార్డుల ఖర్చు దీనితోనే కట్టాలి) పెట్టి దించితే, తర్వాతి టర్న్ నుంచి ట్యాప్ చేసిన (వాడినట్టు గుర్తుగా కార్డును పక్కకు తిప్పిన) ప్రతిసారీ మన దగ్గర ఎన్ని గాబ్లిన్లుంటే అన్ని కొత్త గాబ్లిన్ టోకెన్లు, అంటే కార్డు లేని క్రీచర్లు, పుట్టిస్తాడు. వాటికి గుర్తుగా ఇంట్లో చింతపిక్కలు పట్టుకెళ్లేవాణ్ని. ఒక ఆదివారం దర్గామిట్టలో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద ఆట. ఒకటి రెండైంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, ఎనిమిది పదహారు. క్రెంకో ముందు 15 పిక్కలు వరసగా పేర్చి, ఇక వచ్చే టర్న్‌లో దాడే అనుకుంటూ టీ తాగుతున్నా. ఎదురుగా ఉన్నవాడు ఒక్కటంటే ఒక్క ఎర్ర ల్యాండ్ ట్యాప్ చేసి బ్లాస్ఫెమస్ యాక్ట్ వేశాడు. ప్రతి క్రీచర్‌కీ 13 డ్యామేజ్! ఆ కార్డుకి అసలు 9 మానా కావాలి. కానీ టేబుల్ మీదున్న ఒక్కో క్రీచర్‌కి ఒక్కో మానా తగ్గుతుంది, చివరికి ఒక్క ఎర్ర మానా కడితే చాలు. అంటే నా గాబ్లిన్లను చంపడానికి నేనే వాడికి డిస్కౌంట్ ఇచ్చానన్నమాట. పిక్కలు డబ్బాలో పోస్తుంటే వాళ్లమ్మగారు "అప్పుడే అయిపోయిందా అబ్బయా?" అన్నారు. చచ్చిన కమాండర్‌ను మళ్లీ దించిన ప్రతిసారీ రెండు మానా పెరుగుతుంది కాబట్టి క్రెంకోకు ఇప్పుడు ఆరు మానా, ఇంకోసారి చస్తే ఎనిమిది.

ఇద్దరి ఆటలో 20 లైఫ్ ఉన్న ఒక్కణ్ని కొడితే సరిపోతుంది. కమాండర్‌లో తలా 40, ముగ్గురికీ కలిపి 120. పైగా దాడికి పోయిన క్రీచర్ ట్యాప్ అయి ఉంటుంది. మళ్లీ మీ టర్న్ వచ్చేలోపు మూడు టర్న్‌లు గడుస్తాయి, అంతసేపూ మీ ఇంటికి కాపలా ఉండదు. కొద్దికొద్దిగా కొట్టుకుంటూ పోయే ఆట ఇక్కడ నడవదు.

నేను తర్వాత చేసిన మార్పు ఒక్కటే. క్రీచర్ దాడికి వెళ్లకపోయినా, వచ్చేటప్పుడో పోయేటప్పుడో ఏదో ఒకటి ఇచ్చేలా డెక్ కట్టాను. ఇంపాక్ట్ ట్రెమర్స్ రెండు మానా కార్డు. మన క్రీచర్ టేబుల్ మీదికి వచ్చిన ప్రతిసారీ ప్రత్యర్థులందరికీ ఒక్కో డ్యామేజ్. ఆ రోజు అది ముందే ఉండి ఉంటే, ఆ 15 పిక్కలకే ముగ్గురికీ తలా 15 పోయేది. గాబ్లిన్ బంబార్డ్‌మెంట్ ఉంటే, వాడు బ్లాస్ఫెమస్ యాక్ట్ వేయగానే అన్నిటినీ నేనే బలిచ్చి, ఒక్కోదానికి ఒక్కో డ్యామేజ్ చొప్పున వాడి మీదే వేసేవాణ్ని. స్కల్‌క్లాంప్ అయితే మరీ అన్యాయం. ఒక మానా పెట్టి 1/1 (కొట్టే బలం 1, తట్టుకునే బలం 1) టోకెన్‌కి తగిలిస్తే తట్టుకునే బలం ఒకటి తగ్గి అది అక్కడికక్కడే చస్తుంది, మనకు రెండు కార్డులు. 2004లో స్టాండర్డ్ ఫార్మాట్‌లో దాన్ని నిషేధించారు, కమాండర్‌లో మాత్రం దర్జాగా వేసుకోవచ్చు.

ఇక మీ ఎల్ఫ్‌ల సంగతి. బీస్ట్ విస్పరర్ తప్పనిసరి. అది ఉండగా క్రీచర్ వేసిన ప్రతిసారీ కార్డు వస్తుంది కాబట్టి టేబుల్ ఊడ్చుకుపోయినా చెయ్యి ఖాళీ కాదు. హీరోయిక్ ఇంటర్వెన్షన్ చేతిలో ఉంటే ఎప్పుడూ రెండు మానా మిగుల్చుకోండి, సైన్యం పెంచాలనే ఆశ ఎంత లాగినా సరే. నాశనం చేసే కార్డుల నుంచి, డ్యామేజ్ నుంచి అది కాపాడుతుంది. టాక్సిక్ డెల్యూజ్ లాగా తట్టుకునే బలాన్నే మైనస్ చేసేవాటి ముందు మాత్రం పనిచేయదు.

ముగించే కార్డు దగ్గర ఒక లెక్క చూడండి. మీకు పది ఎల్ఫ్‌లున్నాయి, అన్నీ 1/1. ఓవర్‌రన్ వేస్తే ఒక్కోటి 4/4, మొత్తం 40. ఎవరూ అడ్డం పడకపోతే ఒక్కడు పోతాడు, మిగతా ఇద్దరూ కలిసి మిమ్మల్ని పంపిస్తారు. అదే క్రేటర్‌హూఫ్ బెహిమత్ దించితే దానితో కలిపి 11 క్రీచర్లు, ఒక్కో ఎల్ఫ్ 12/12. నాలుగేసి ఎల్ఫ్‌లు ఇద్దరి మీదికి పోతే తలా 48, మిగతా రెండు ఎల్ఫ్‌ల 24కి దిగిన టర్న్‌లోనే కొట్టగల క్రేటర్‌హూఫ్ 16 కలిస్తే మూడోవాడికి సరిగ్గా 40! అయితే దానికి ఎనిమిది మానా కావాలి, మానా ఇవ్వడానికి ట్యాప్ అయిన ఎల్ఫ్ దాడికి రాదు. ఈ తప్పు నేనే రెండుసార్లు చేశాను. ల్యాండ్లు తగ్గించి ఎల్ఫ్‌లతో సరిపెడదాం అనుకోకండి, నేను 37 కి తగ్గను.

అందాకా టేబుల్ మీద మీరు రెండో స్థానంలో కనిపిస్తే చాలు. నాలుగైదు ఎల్ఫ్‌లు దించి మిగతావి చేతిలోనే ఉంచుకోండి. పక్కవాడి డ్రాగన్‌ను చూపించి "ముందు దాని సంగతి చూడండి" అనడం మన జిల్లాలవాళ్లకు వేరే నేర్పక్కర్లేదు.

టోకెన్లకు చింతపిక్కలే వాడండి. అష్టాచెమ్మాకి అరగదీసినట్టు ఒక వైపు గచ్చు మీద రుద్దండి. తెల్లవైపు పైకుంటే దాడికి సిద్ధం, నల్లవైపు పైకుంటే ట్యాప్ అయినట్టు.