తాబేలుకు విడిచిన సముద్రం, మత్స్యకారుడికి మిగిలిన అప్పు

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న తెలుగు మత్స్యకారుల ఊరు. నాన్నకు ఇంజను బిగించిన చిన్న ఫైబరు పడవ ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు నదీముఖం దగ్గర 20 కిలోమీటర్ల మేర వేట నిషేధిస్తున్నారు. ఆ ఏడు నెలలూ మా ఇల్లు షావుకారి అప్పు మీదే గడుస్తుంది. ఎండలు ముదిరితే తాబేలు పిల్లలన్నీ ఆడవే పుట్టి, చివరకు ఆ జాతే అంతరించిపోతుందని ఈమధ్య చదివాను. ఎలాగూ పోయే జాతి కోసం మేము పస్తులుండటం న్యాయమేనా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: ముందు చివరి మాట చూద్దాం. తాబేలు గుడ్డులోని పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. అది సుమారు 30 డిగ్రీలు దాటేకొద్దీ ఆడపిల్లల సంఖ్య పెరుగుతుంది, మరీ ముదిరితే గుడ్డులోనే పిల్ల చనిపోతుంది. మీరు చదివింది నిజమే గాని, దాని నుంచి మీరు తీసిన ముగింపు సరికాదు. ఒక మగ తాబేలు అనేక ఆడవాటితో జతకడుతుంది కనుక మగవి తగ్గినంత మాత్రాన జాతి వెంటనే అంతరించదు. పైగా ఒక్కో తల్లి నూటికి పైగా గుడ్లు పెట్టినా పెరిగి పెద్దయ్యేవి బహు కొద్ది, అందుకు పదేళ్లకు పైగా పడుతుంది. గుడ్లకు ముప్పు పెరుగుతున్న కాలంలో, పెరిగిన తల్లి ఒకటి వలలో చావడం మునుపటికన్నా పెద్ద నష్టం. 2024లో మీ తీరాన సామూహికంగా గుడ్లు పెట్టడం జరగనేలేదు, మరుసటి ఏడు ఫిబ్రవరిలో లక్షల్లో వచ్చాయి. ఒక్క ఏటి లెక్కతో ఆశా నిరాశా పెంచుకోకూడదు.

ఇక న్యాయం సంగతి. తాబేలు చేప కాదు, ఊపిరి కోసం పైకి రావలసిన జీవి. ట్రాలరు అనే పెద్ద మరపడవ గంటల తరబడి లాగే వలలో చిక్కితే పైకి రాలేక నీటిలోనే చనిపోతుంది. వలలో ఇనుప చట్రం అమర్చి, తాబేలు బయటపడటానికి దారి విడిచే పరికరం చాలాకాలంగా ఉన్నా, చేపలు జారిపోతాయన్న భయంతో ట్రాలర్ల యజమానులు చాలామంది దాన్ని వాడరు. మన దేశంలో సముద్రం నుంచి పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా నిలిపివేయడానికి కారణం అదే. అంటే పెద్ద నష్టం చేసేవాడు ఒకడు, నిషేధం వల్ల ఇంట్లో పొయ్యి వెలగనివాడు ఇంకొకడు. నా దృష్టిలో నిషేధం సరైనదే, దాని ఖర్చును పంచిన తీరే అన్యాయం. తాబేలును బతికించుకోవాలన్న కోరిక దేశమంతటిదైనప్పుడు ఖర్చు కూడా దేశమే భరించాలి. ఇసుకను వేడెక్కించిన పొగలో మీ నాన్నగారి ఇంజను వంతు ఎంతని? (సెలవు రోజున కారులో వచ్చి, తాబేలు పిల్లలు గుడ్డు చీల్చుకుని బయటికొచ్చే రాత్రి సెల్‌ఫోను దీపాలతో వాటిని దారి తప్పించి, తర్వాత మీకే హితవు చెప్పేవారిని చూస్తే నాకు చిరాకు.)

కాబట్టి మీరు పరిహారాన్ని దయగా కాక హక్కుగా అడగండి. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే జీవనోపాధి సాయం షావుకారి గడప తొక్కకముందే, అంటే నవంబరులోనే, చేతికి రావాలని మీ సహకార సంఘం ద్వారా రాయండి. వలలో పడ్డ తాబేలును విడిపించడానికి వల కోయవలసి వస్తే ఆ నష్టం మత్స్యకారుడే భరించడం కూడా తప్పు. మహారాష్ట్రలో 2018 చివరి నుంచి, రక్షిత సముద్రజీవిని వదిలేందుకు కోసిన వలకు 25 వేల రూపాయల వరకు పరిహారమిచ్చే పథకం ఉంది. కోసిన వల, విడుదలైన జీవి ఫొటోలను దరఖాస్తుతో పెట్టాలి. ఒడిశాలోనూ అటువంటిది కావాలని అడుగుతూ, ఈలోగా మీ ఊరివాళ్లు కోసిన ప్రతి వలకూ తేదీతో ఫొటో తీసి సంఘం పుస్తకంలో రాయించి ఉంచండి. రేపు అధికారుల ముందు కూర్చున్నప్పుడు మీ చేతిలో ఆ పుస్తకం ఉండాలి.