గ్రోత్ ఫ్యాక్టర్ పొడి సంగతి తర్వాత, ముందు బాబును చూపించండి

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. పుట్టాక మూడు రోజులు విరేచనం కాలేదు. హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి (పేగు చివరి భాగంలో నరాలు లేకపోవడం) అని నాలుగో నెలలో పేగు ఆపరేషన్ చేశారు. రెట్ జన్యువులో మార్పు ఉందని రిపోర్టులో వచ్చింది. ఇప్పుడు నాకు మూడో నెల. గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్లు) ఉన్న పొడి తాగితే ఈ బిడ్డకు పేగు నరాలు బాగా పెరుగుతాయా? బాబుకు మూడు రోజులుగా కడుపుబ్బరం, బాగా వాసనతో నీళ్ల విరేచనాలు. మెడికల్ షాపులో అడిగి మోషన్స్ ఆగే మందు వేస్తున్నాం.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, మీరు పొడి గురించి అడిగారు. నాకు టెన్షన్ పెట్టినవి మాత్రం చివరి రెండు వాక్యాలు. హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్ అయిన పిల్లల్లో పొట్ట ఉబ్బి, దుర్వాసనతో విరేచనాలు అవుతుంటే పేగు వాపును (ఎంటెరోకొలైటిస్) ముందుగా అనుమానించాలి. ఆపరేషన్ బాగా జరిగినా ఇది రావచ్చు. మీ బాబుకు అదేనని ఉత్తరం చూసి చెప్పలేను, మామూలు విరేచనాలే కావచ్చు. కానీ ఆ తేడా చేతితో పొట్ట చూసి, అవసరమైతే ఎక్స్‌రే తీసి తేల్చాల్సింది. మోషన్స్ ఆపే మందు వెంటనే మానేయండి. వాపున్న పేగు కదలికను ఆపితే లోపలి మలం, క్రిములు అక్కడే నిలిచిపోతాయి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకవచ్చు. షాపులో అబ్బాయికి మీ బాబు ఆపరేషన్ సంగతి తెలియదు. మీరూ చెప్పి ఉండరు. మూడు రోజులు ఆగడం తప్పేనమ్మా. ఈరోజే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి, కుదరకపోతే నీలోఫర్‌కు తీసుకెళ్లండి. జ్వరం, వాంతులు, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి.

ఇక మీ ప్రశ్న. పిండంలో పేగు నరాల కణాలు మెడ వైపు నుంచి బయలుదేరి పేగు వెంట కిందికి దిగుతాయి. పేగు గోడ జీడీఎన్ఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను విడుదల చేస్తుంది. ఆ కణాల మీదున్న రెట్ అనే రిసెప్టర్ (రెట్ జన్యువు నుంచి తయారై, సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) దాన్ని అందుకుంటేనే అవి బతికి, సంఖ్య పెరిగి, ముందుకు నడుస్తాయి. రెట్ సరిగా పనిచేయకపోతే మధ్యలోనే ఆగిపోతాయి. నరాలు చేరని చివరి భాగం వదులు కాదు, మలం అక్కడ ఆగుతుంది. ఆ గ్రోత్ ఫ్యాక్టర్‌ను బిడ్డ పేగే తయారు చేసుకుంటుంది. మీరు తాగే పొడిలోని ప్రొటీన్ మీ కడుపులో పప్పులాగే అరిగిపోతుంది, బిడ్డను చేరదు. పైగా నెలసరి లెక్కన తొమ్మిదో వారానికల్లా ఆ ప్రయాణం దాదాపు ముగుస్తుంది. పొడి కొనకండి. డాక్టర్ రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రం మానొద్దు.

కిడ్నీలు ఏర్పడటానికీ ఇదే జీడీఎన్ఎఫ్, రెట్ జోడీ కావాలి. అందుకే ఐదో నెల స్కాన్‌లో కిడ్నీలను ప్రత్యేకంగా చూడమనండి. పేగు నరాల లోపం మాత్రం సాధారణంగా స్కాన్‌లో కనిపించదు.

బాబు జన్యు రిపోర్టును నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగంలో చూపించండి. రెట్‌లో కొన్ని రకాల మార్పులకు థైరాయిడ్ క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది, మీది ఆ రకమో కాదో వాళ్లు చెప్పగలరు. మీ దంపతులిద్దరికీ పరీక్ష చేస్తేనే రెండో బిడ్డకు వచ్చే అవకాశం ఎంతో అంచనా దొరుకుతుంది. ప్రసవం పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రిలో పెట్టుకోండి. నల్లటి తొలి విరేచనం 24 గంటల్లో కాకపోతే, పెద్దవాళ్లు ఆముదం పట్టమన్నా పట్టకుండా, బాబు కథంతా చెప్పి డాక్టర్‌ను పిలవండి.