దండు పటం గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన కథ అందింది. మొదటిసారి చదువుతూ నాలుగో పేజీ దగ్గర విసుగుతో పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీసి చివరిదాకా చదివాను. టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి వచ్చి, 1792 ఫిబ్రవరిలో శ్రీరంగపట్నం ముందు విడిసిన ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ దండులో, సైన్యపు విడిదినీ దాడి దారులనూ చూపే పటాలు గీసే యువకుడిని కథానాయకుడిగా ఎంచుకున్నావు. మన భాషలో ఆ వైపు చూసినవారు తక్కువ కనుక నాకు సంతోషమే కలిగింది. కోట మీద దాడి జరిగిన రాత్రికి వెన్నెల పెట్టడం కూడా సరిగ్గానే ఉంది. దాడికి కదిలే వేళకు నిండు చంద్రుడు ఉదయించాడని ఆ దండులోనే ఉన్న మేజర్ డిరోమ్ 1793లో అచ్చయిన తన వృత్తాంతంలో రాశాడు. మెప్పు ఇంతటితో ముగిస్తాను.

నన్ను ఆపేసిన వాక్యం ఇది: నీ యువకుడు పటం మీద వరుసగా ఎర్రని దీర్ఘచతురస్రాలు గీసి, "రేపటి నెత్తురు ఈరోజే ఆరబెడుతున్నాను" అనుకుంటాడు. వాక్యం చెవికి ఇంపుగానే ఉంది, కానీ అది పటాన్ని చూసి రాసినది కాదు. ఆ ఎరుపు నెత్తురు కాదమ్మా, అది ఎర్ర కోట్ల పటాలం. ఇంగ్లీషువారు తమ కాల్బలాన్ని ఎరుపుతో, ఎదుటివారిని మరో రంగుతో చూపేవారు. ఏ రంగు ఎవరిదో, ఏ అక్షరం ఏ బురుజుదో పటం మూలన ఒక సూచికలో రాసిపెట్టేవారు. ఆ సూచిక చదవకుండా పటం మీద కవిత్వం చెప్పడం, కరణం లెక్కల పుస్తకం చూసి అందులోని సున్నలు పున్నమి చంద్రుళ్లు అని వర్ణించడం లాంటిది.

ఇంకా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఆ దీర్ఘచతురస్రం పొడవు చిత్రకారుడి ఇష్టం కాదు. ఆ కాలపు సైన్యాలు గుడారాలు వేసేటప్పుడు, ఒక పటాలం యుద్ధానికి బారులు తీరితే ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో, విడిదిలోనూ ముందు వైపు అంతే వెడల్పు పట్టేటట్లు కొలిచి వేసేవారు. శత్రువు హఠాత్తుగా మీద పడితే సిపాయి గుడారంలోంచి బయటికి వచ్చి నిలబడిన చోటే యుద్ధపంక్తి కావాలి. ఏడువందల మంది రెండు వరుసల్లో నిలబడితే, మనిషికి రెండడుగుల చొప్పున, ఏడువందల అడుగులు. మైలును అంగుళంగా కుదించిన పటం మీద అది అంగుళంలో ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంటే బియ్యపుగింజలో సగం. నీ నాయకుడు ఆ అరగింజ పొడవు కోసం ఊపిరి బిగబట్టాలి. అతడి ఉద్వేగం అక్కడ ఉంది, నెత్తురులో లేదు.

ఇక అతడు గుట్ట ఎక్కి దండునంతటినీ ఒక్క చూపులో చూసి, తెల్లవారేలోగా పటం పూర్తి చేయడం సంగతి. ఈ ఆకాశ దృష్టి రోగం నీ ఒక్కదానిది కాదు. ఈ మధ్య నేను చదువుతున్న చారిత్రక కథల్లో సగం గద్ద కంటితో మొదలవుతున్నాయి. సినిమాలలో డ్రోన్ ఎగిరినట్లు కథకుడు పైనుంచి మెల్లగా కిందికి దిగుతాడు. పద్దెనిమిదో శతాబ్దపు పటకారుడు పైనుంచి చూసి గీయలేదు, నేల మీద నడిచి గీశాడు. చక్రం బిగించిన కొలత బండిని ఒక మనిషి నెట్టుకుంటూ పోతే, ఇరుసు దగ్గరి ముల్లు దూరాన్ని లెక్కపెట్టేది. మలుపు మలుపుకూ దిక్సూచితో కోణం చూసి, చిత్తుపుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవారు. సిరా, రంగులు, అందమైన అక్షరాలు ఇవన్నీ తరువాత తీరికగా తయారయ్యే శుద్ధప్రతిలోవి. కొండలను వాలు వెంబడి వెంట్రుకల్లాంటి సన్నని గీతలతో చూపేవారు. నీవు అతడి చేత గీయించిన సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఆ కాలపు దండు పటాలలో కనిపించవు. ఆ పదాన్ని కొట్టెయ్.

నా సంగతి చెబితే నీకు కోపం తగ్గుతుందేమో. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికకు ఇదే యుద్ధం మీద ధారావాహిక రాశాను. ఒక పాత పటం నకలు సంపాదించి, పై అంచు ఉత్తరమే అని గుడ్డిగా నమ్మి, పదకొండు వారాల పాటు నా సైనికులకు సూర్యుణ్ణి పడమట ఉదయింపజేశాను. ఆ కాలంలో ఉత్తరం పైనే ఉండాలన్న నియమం లేదు. కాగితం ఎటు సరిపోతే అటు తిప్పి గీసి, మూలన బాణం గుర్తు వేసేవారు. నా పటంలోనూ ఆ బాణం ఉంది. నేను దాన్ని అలంకారం అనుకున్నాను. సర్వే శాఖలో కొలత గొలుసు లాగి పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి కార్డు రాశారు: "అయ్యా, తమరి కావేరి ఎదురు పారుచున్నది." ఆ కార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది. పత్రికలో మాత్రం ఎవరికీ పట్టలేదు. పైగా ఆ సంపాదకుడు నేను కష్టపడి రాసిన ఎడ్ల ప్రకరణాన్ని మొత్తం తీసేసి, దాని చోట ఒక అంతఃపుర విరహం పెట్టించాడు. పాఠకులకు పశువులు అక్కరలేదట.

ఆ పశువులే అక్కడ యుద్ధాన్ని నడిపాయి. ముందటి ఏడు, 1791 మే నెలలో, కార్న్‌వాలిస్ అరకెరె దగ్గర యుద్ధం గెలిచి కూడా వెనుదిరిగాడు. మేత లేక, తెగులు తగిలి ఎడ్లు చచ్చిపోయాయి. కోటగోడలు పడగొట్టడానికి తెచ్చిన పెద్ద ఫిరంగులను లాగేవి లేక తానే ధ్వంసం చేయించాడు. తనకు తోడుగా రావలసిన మరాఠా దండు దగ్గరికి వచ్చేసిందన్న కబురు కూడా, దారిలో టిప్పు రౌతులు వేగులవాళ్లను పట్టుకోవడం వల్ల, సకాలానికి అందలేదు. మళ్లీ వచ్చేటప్పుడు ధాన్యం మోసే బంజారాలను కూడగట్టుకుని వచ్చాడు. ఇప్పుడు పటం తీసి చూడు. పటాలాలకు దీర్ఘచతురస్రాలున్నాయి, ఫిరంగులకు గుర్తులున్నాయి. సైనికుల కంటే ఎన్నో రెట్లున్న బజారు జనం, గడ్డి కోసేవాళ్లు, డోలీ బోయీలు, చాకళ్లు, లంబాడీ కుటుంబాలు ఎక్కడున్నారు? వెనుక తెల్లగా వదిలేసిన కాగితంలో ఉన్నారు. అందులో మన మాట మాట్లాడేవాళ్లూ ఉండి ఉంటారు. సిపాయికి ఉత్తరాదిన 'తిలంగా' అన్న పేరే మన నేల నుంచి వెళ్లింది. కంపెనీకి తోడుగా వచ్చిన నిజాం కుమారుడు సికందర్ జా దండు కూడా ఆ పక్కనే ఉంది. నీ కథ ఆ తెల్లకాగితంలోకి ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

పటం అబద్ధం కూడా చెబుతుంది. దాడి రాత్రి మూడు దళాలు బయలుదేరాయి. కుడివైపు దళంతో వెళ్లిన జనరల్ మెడోస్ ఈద్గా బురుజును పట్టుకున్న తరువాత కార్న్‌వాలిస్‌ను వెతుక్కుంటూ దారి తప్పి, తెల్లవారేదాకా అతణ్ణి కలుసుకోలేకపోయాడు. తరువాత గీసిన శుద్ధప్రతిలో అటువంటి తడబాటు చక్కని చుక్కల గీతగా మారిపోతుంది. ఆ చుక్కలు పెట్టిన చేయి ఏమనుకుందో నీవు రాయాలి. ఒకసారి ఒక భాండాగారంలో ఇలాంటి పటాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చూశాను. మలుపు మలుపునా సూది గుచ్చిన రంధ్రాలు! నకలు తీయడానికి కింద మరో కాగితం ఉంచి గుచ్చేవారు. కాపలా ఉద్యోగి వచ్చి కసిరేలోగా అరనిమిషం చూశానేమో. నేను అచ్చువేసిన మూడు నవలల కంటే ఆ అరనిమిషం నాకు ఎక్కువ నేర్పింది.

కథను ఏ పత్రికకు పంపాలని అడిగావు, సంభాషణలు ఏ మాండలికంలో ఉండాలని అడిగావు. వాటి గురించి మరోసారి రాస్తాను.

చివరికి ఆ నీళ్ల కుర్రవాడు. రంగులు కలపడానికి దాడి ముందటి సాయంత్రం కావేరికి వెళ్లి ముంత నింపుకుని, నీటిలో తన ముఖం చూసుకునే ఆ ఘట్టం దగ్గర నా కళ్లు చెమర్చాయి. అయితే ఫిబ్రవరి 5న దండు దిగినది ఫ్రెంచ్ రాక్స్ గుట్టల వెనుక, ఇప్పటి పాండవపుర దగ్గర, నదికి ఉత్తరాన సుమారు ఆరు మైళ్ల దూరంలో. నడుమ ముళ్లకంచె, ఆ కంచెకూ నదికీ మధ్య టిప్పు సైన్యం. కుర్రవాడు ముంతతో కావేరిని చేరలేడు. అటువైపు లోకపావని అనే చిన్న ఏరు ఒకటి ఉంది, కరిఘట్ట కొండ పక్కగా వచ్చి కావేరిలో కలుస్తుంది. వాణ్ణి దాని దగ్గరికి పంపు. ఫిబ్రవరిలో అందులో ముఖం కనిపించేటన్ని నీళ్లు ఉంటాయో, ఇసుకలో చెలమ తవ్వుకోవాలో నీవే వెళ్లి చూసి, ఆ పేజీ తిరిగి రాసి పంపు.